గోడ మీద పెద్ద బొమ్మ ఎవరిది?

మొన్న ఏప్రిల్ 14కి మా పేటలో మేం వేసిన పోస్టరు సంగతి ముందు చెప్పాలి. సినిమా సంగతి తర్వాత.

బస్టాండు ఎదర గోడకి మా పోస్టరు అంటించాం. దాని పక్కనే వొక సినిమా పోస్టరు వుంది. మా వీధిలో పెద్దమ్మ వొకామె, అక్షరమ్ముక్క రాదు, మిరపకోతకి పోతా పోతా అక్కడ ఆగింది. సినిమా బొమ్మ చూసి "ఈడు మంచోడే. ఎవురో కెలికారు. ఈ పిల్ల కోసం కొట్లాట" అని కథంతా చెప్పేసింది. తర్వాత మా పోస్టరు వైపు తిరిగి "ఎవురు పోయారయ్యా?" అంది.

మేం నలుగురం ముఖముఖాలు చూసుకున్నాం. తీరిగ్గా చూస్తే ఆమె తప్పేం లేదు. చుట్టూ నల్ల అంచు. మధ్యలో స్టాంపు సైజు ఫొటోలు పందొమ్మిది. వాటి కింద పేర్లు, పేర్ల కింద పదవులు. బాబాసాహెబ్ ఎడమ చేతి మూల, శుభలేఖ మీద వినాయకుడిలాగా. సభ ఎప్పుడో ఎక్కడో అన్న రెండు ముక్కలు అన్నిటికన్నా అడుగున, ప్రెస్సు పేరుకి కాస్త పైన. అది పెద్దకర్మ కార్డు కాక ఇంకేంటి?

డబ్బుల్లేక అలా తగలడిందనుకుంటే పొరపాటు. మా కాగితమూ రంగుల కాగితమే. సినిమా పోస్టరు వేసినోడికి తెలిసిన పనేదో మాకు తెలియలేదు. అంతే తేడా. ఆ పని ఏమిటో తెలుసుకోకుండా "సినిమాలు జనాన్ని చెడగొడుతున్నాయి" అని మీటింగుల్లో తిట్టడం మాత్రం మనకి బాగా వచ్చు. రోజంతా వంగి పనిచేసి వచ్చిన మనిషి కొంగుముడి విప్పి టిక్కెట్టు కొనేలా చేసేది ఆ కాగితమే కదా. మనం జేబులోంచి రూపాయి అడగడం లేదు, వచ్చి గంట కూచోమంటున్నాం. ఆ మాట కూడా మన కాగితం చెప్పలేకపోతోంది.

ఈ విద్య నాకు కొంచెం మా చిన్నాన్న వల్ల తెలుసు. ఆయన మా పక్క టౌనులో వొక హాలుకి పోస్టర్లు అంటించేవాడు. మద్రాసులో, శివకాశిలో అచ్చయిన పోస్టర్లు బెజవాడ గాంధీనగర్ ఆఫీసుల మీదుగా వచ్చేవి. రాత్రి సెకండ్ షో వదిలాక పని మొదలు. మైదాపిండి వుడకేసి జిగురు చేసేవాడు. అందులో మైలుతుత్తం కలిపేవాడు. లేకపోతే తెల్లారేసరికి గేదెలు హీరోని నమిలేసేవి. నేను బకెట్టు మోసేవాణ్ణి. పెద్ద పోస్టరు వొక్క కాగితంగా రాదు, ముక్కలుగా వస్తుంది, గోడ మీద కలపాలి. ఆ కలపడంలో చిన్నాన్నకి వొక పట్టుదల వుండేది. అతుకు ఎక్కడైనా పడనీ, కంట్లో పడకూడదు. "మనిషి ముందు కన్ను చూస్తాడ్రా. కన్ను చెదిరితే బొమ్మంతా చెదిరినట్టే" అనేవాడు.

ఆయన ఏ ఆర్ట్సు కాలేజీ గుమ్మం తొక్కలేదు. కానీ ఆ కాలేజీల్లో మొదటి పాఠం అదే. బొమ్మలో చూపు ముందు ఎక్కడ వాలాలి, అక్కడి నుంచి ఎటు పోవాలి, చివరికి ఎక్కడ ఆగాలి అన్నది గీసేవాడు ముందే తేల్చుకోవాలి. సినిమా పోస్టరు చూసేవాడు నిలబడి చూడడు. బస్సు కిటికీలోంచి చూస్తాడు, సైకిలు తొక్కుతా చూస్తాడు. వున్న టైము రెండు మూడు సెకన్లు. అందులో పట్టేది వొక ముఖం, వొక పేరు, ఇంకొక్క గుర్తు. అంతకు మించి పెడితే ఏదీ పట్టదు. అందుకే ముఖం గోడంత, టైటిలు దాంట్లో సగం. మిగతా పేర్లన్నీ చీమల బారు, దగ్గరికొచ్చి చదువుకునేవాడి కోసం.

ముఖం ఎటు చూస్తోందన్నది కూడా లెక్కే. సూటిగా మనల్నే చూస్తే ఆగిపోతాం. పక్కకి చూస్తే మన చూపూ అటే పోతుంది. అందుకే పక్కకి చూసే ముఖం ఎదర టైటిలో, పిల్లో, శత్రువో వుంటారు, ఖాళీ గోడ వుండదు. నిటారుగా నిలబెట్టిన మనిషి ధైర్యస్తుడిలా కనపడతాడు. అదే మనిషిని వొక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా వేస్తే పరిగెత్తుతున్నట్టు, దూకుతున్నట్టు అనిపిస్తుంది. ఫైటింగు పోస్టర్లలో కత్తులూ జీపులూ ఏటవాలుగా వుండేది ఇందుకే. మా పెద్దమ్మ చదివింది ఈ వాలునే.

ఇక రంగులు. మన పోస్టర్లలో పసుపు అక్షరాలకి నల్ల అంచు ఎందుకు అంత ఎక్కువ? అందం కోసమేనంటే నేనొప్పుకోను. పసుపూ నలుపూ పక్కపక్కన వుంటే ఎంత దూరానికైనా విడిగా తెలుస్తాయి. నీలం మీద ఎరుపు పెడితే కళ్లు జిగేల్మంటాయే గానీ అక్షరం ఆనదు. ఇంకో సంగతి వుంది. పొద్దు గూకేవేళ మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపే. నల్లటి నేల మీద ఎర్రక్షరాలు మధ్యాహ్నం భగభగమంటాయి, ఫస్ట్ షో టైముకి మాయమైపోతాయి. హాలువాడికి కావలసింది ఆ ఫస్ట్ షో జనమే కదా. మన ఎర్ర నలుపు పోస్టర్లు కూలి పనుల నుంచి జనం తిరిగొచ్చే వేళకి ఎందుకు కనపడవో నాకు ఇన్నేళ్లకి తెలిసింది.

అక్షరాల సంగతి చెప్పకపోతే పాపం. తెలుగక్షరం ఇంగ్లీషక్షరం లాగా పలక మీద బిళ్లలా కూచోదు. పైన గుడులు, కింద వత్తులు, చుట్టూ మెలికలు. పేరు పెద్దగా రాయాలంటే పైనా కిందా చోటు వదలాలి. చెయ్యి తిరిగిన పబ్లిసిటీ ఆర్టిస్టులు ఈ ఇబ్బందినే సొమ్ము చేసుకున్నారు. తలకట్టుని కత్తి చేశారు, వత్తుని పాము చేశారు, సున్నాలో బొట్టు పెట్టారు. చదువు రానివాళ్లు కూడా ఆ పేరుని బొమ్మలాగా గుర్తుపట్టేవారు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి 1967లో 'సాక్షి' సినిమాతో పోస్టర్లు మొదలెట్టిన ఈశ్వర్ ఇలాంటి చేతుల్లో వొకరు. 'సినిమా పోస్టర్' అని పుస్తకం కూడా రాశారు. 2021లో పోయారు. హీరో పుట్టినరోజు తెలిసినంతగా అలాంటి మనిషి పేరు మనకి తెలియదు. ఇవాళ ఫ్లెక్సీ షాపుకి పోతే కంప్యూటర్లో వున్న అక్షరాల్నే సాగదీసి, మూడు అంచులూ వొక నీడా వేసి ఇస్తాడు. పెళ్లికీ అదే, చావుకీ అదే, మన సభకీ అదే.

తక్కువ పెట్టి ఎక్కువ చెప్పడం అన్ని దేశాల పోస్టరు పనికీ వర్తించేదే. అమెరికాలో సాల్ బాస్ అని వొక డిజైనరు వుండేవాడు. 1959లో 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' అన్న సినిమాకి నల్లటి మనిషాకారం వేశాడు, కాగితం కత్తిరించినట్టు, కాళ్లూ చేతులూ తలా విడివిడి ముక్కలుగా. ముఖం లేదు. హత్య జరిగింది, దాన్ని కోర్టులో ముక్కలు చేసి చూడబోతున్నారు, రెండూ అందులో వున్నాయి. అలాగే 1975లో వచ్చిన 'జాస్' పోస్టరు. పైన నీళ్ల మీద చిన్నగా ఈదుతున్న వొక ఆడమనిషి. కింద నీళ్లలోంచి నోరు తెరుచుకుని నిలువునా పైకొస్తున్న సొరచేప, ఆమెకి ఎన్నో రెట్లు. బొమ్మ గీసింది రోజర్ కాస్టెల్, ముందు నవల అట్ట కోసం గీశాడు. పేరు, మనిషి, చేప తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు. భయం ఎక్కడిది? సైజు తేడాలో వుంది. పైనున్నదానికి కిందున్నది కనపడకపోవడంలో వుంది.

ఈ పోస్టరు గురించి చెప్తే మా కుర్రాడొకడు "అన్నా, అడుగునున్నోడు అంత పెద్దగా వుండటం నేను ఈ పోస్టర్లోనే చూశా" అన్నాడు. నవ్వాం గానీ మాట నిజం. మన సినిమా పోస్టర్లలో అడుగున ఎవరుంటారో చూడండి. కమెడియన్లుంటారు, హీరో పక్కనోళ్లుంటారు, దండం పెడుతున్న జనం వుంటారు. కెమెరా హీరోని కింద నుంచి చూస్తుంది, అతను కొండలా లేస్తాడు. జనం అతని మోకాళ్ల ఎత్తున గులకరాళ్లలా వుంటారు. దీన్ని గ్రాఫిక్ డిజైన్ పుస్తకాల్లో ప్రాధాన్యక్రమం అంటారు. ఏది ముఖ్యమో దాన్ని పెద్దది చెయ్యి, మిగతావి తగ్గించు అని. ఆ సూత్రంలో తప్పు లేదు. కానీ ముఖ్యం ఎవరన్నది సూత్రం చెప్పదు, పోస్టరు వేయించేవాడు చెప్తాడు. ఎవడు పెద్దో ఎవడు చిన్నో చూడగానే గుర్తుపట్టే అలవాటు మన ఊళ్లకి వేల ఏళ్లుగా వుంది. పోస్టరు ఆ అలవాటు మీద స్వారీ చేస్తుంది. అంత తొందరగా అర్థం కావడానికి అదీ వొక కారణమే.

పేర్లలో చూడండి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'చెన్నకేశవరెడ్డి'. ఇంత పొడుగు పేరు కాగితం మీద ఇమడాలంటే రెండు వరసల్లోకి విరవాలి. విరిస్తే తోక వొక్కటే వొక వరసయి కూచుంటుంది. పాఠశాల రిజిస్టర్లో చిన్నక్షరాల్లో వుండే ముక్క గోడ మీద మనిషెత్తు అక్షరమవుతుంది. ఊరూరా ఆ అక్షరానికి జిగురు రాసింది ఎవరు? మా చిన్నాన్న లాంటివాళ్లే. ఆయనకి అందులో తప్పు కనపడలేదు. "మనకెందుకురా, అతుకు సరిగ్గా పడిందా లేదా" అన్నాడు. ఆయన్ని నేనేమీ అనను. పొట్ట కోసం చేసే పని అది.

మన పేరు పెట్టుకున్న సినిమా లేదా అంటే, 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. ఆ మాట గోడల మీద అచ్చక్షరాల్లో పడిన రోజున అగ్రహారాల వాళ్ల ముఖాలు ఎలా వుండి వుంటాయో అనుకుంటే నాకిప్పటికీ సరదాగా వుంటుంది. ఆ తర్వాత ఎనభయ్యేళ్లలో అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సినిమా పోస్టరు అందర్నీ రమ్మంటుంది. మా దగ్గరకొస్తే వొక్కటే చీకటి, వొక్కటే తెర అంటుంది. 1991లో చుండూరులో తగువు మొదలైంది సినిమాహాల్లోనే, మన పిల్లవాడి కాలు పై కులపోడికి తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. గోడ మీద పోస్టరు లోపల కూచునే వరసల గురించి ఏమీ చెప్పదు. ఈ ముక్క రాయకుండా పోస్టరు అందాల గురించి మాత్రమే రాయడం నా చేత కాదు.

అయితే ఆ సూత్రాలతోనే తిరగబడినవాళ్లూ వున్నారు, తమిళంలో. పా. రంజిత్ తీసిన 'కబాలి' 2016లో వచ్చింది. దాని మొదటి పోస్టర్లలో రజనీకాంత్ సూటు వేసుకుని కుర్చీలో దర్జాగా కూచున్నాడు. కత్తి లేదు, రక్తం లేదు. కోటు వేసుకుని కూచోవడమే అక్కడ యుద్ధం. కోటు ఎందుకో సినిమాలో మాటల్లోనే చెప్పించాడు, అంబేద్కర్ పేరు చెప్పి మరీ. ఇంకో సంగతి మనవాళ్లకి తెలియాలి. సినిమా మొదట్లో జైల్లో ఆ పాత్ర చదువుతున్న పుస్తకం వై.బి. సత్యనారాయణ రాసిన 'మై ఫాదర్ బాలయ్య'. మన తెలంగాణ మాదిగ కుటుంబం కథ అది.

తర్వాత 'కాలా', 2018లో విడుదల. ఏడాది ముందే దాని పోస్టరు వచ్చింది. రజనీకాంత్ జీపు మీద కూచున్నాడు. చూపు ముందు ముఖం మీద పడుతుంది, తర్వాత కిందికి జారుతుంది, అక్కడ నంబరు ప్లేటు వుంది. ఎంహెచ్ 01 బిఆర్ 1956. తెలియనివాడికి అది బొంబాయి బండి నంబరు. తెలిసినవాడికి బిఆర్ అంటే భీంరావ్ రాంజీ, 1956 అంటే ఆయన బౌద్ధం తీసుకున్న ఏడు, ఆయన పోయిన ఏడు. ఎంతోమంది సెల్‌ఫోన్లలో ఆ బొమ్మ తిరిగింది. చిన్నక్షరాన్ని చూపు ఆగే చోట పెడితే పెద్దక్షరం కన్నా గట్టిగా మాట్లాడుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం నాకు దొరకలేదు. మన ముఖాల రంగు మీద కూడా ఇదే సినిమా వొక దెబ్బ వేసింది, కాలా అంటేనే నలుపు. మా చిన్నప్పటి పోస్టర్లలో హీరో ముఖానికి గులాబి రంగు, విలన్‌కి ముదురాకుపచ్చో నీలమో పూసేవారు. నేల టిక్కెట్లో కూచున్న మా ముఖాలన్నీ విలన్ల వైపే వుండేవి. తెలుగులో 2020లో 'కలర్ ఫొటో' అని నల్ల కుర్రాడి కథ వచ్చేదాకా ఈ సంగతి పేరులో పెట్టి అడిగినవాళ్లు తక్కువ.

ఇంత చెప్పి మన దగ్గరకే వస్తాను. అసలు ఈ దేశంలో తిరుగులేని పోస్టరు మన ఇళ్లలోనే వుంది. నీలం కోటు, ఎర్ర టై, కళ్లద్దాలు, వొక చేతిలో పుస్తకం, ఇంకో చెయ్యి ముందుకి చాచి చూపుడు వేలు. 1967లో పార్లమెంటు ఆవరణలో నిలబెట్టిన విగ్రహం, బి.వి. వాఘ్ చేసినది, ఆ వేలుతోనే వుంది. ఇవాళ ఊరూరా వున్న విగ్రహాలు చేసింది ఎక్కువగా పేరులేని మేస్త్రీలు. కొన్నిట్లో ముఖం పోలిక అస్సలు కుదరలేదు, నిజం మాట్లాడుకుందాం. అయినా ఎవరూ పొరబడరు. చీకట్లో నీడ చూపించినా చిన్నపిల్లాడు పేరు చెప్తాడు. ఎందుకంటే గుర్తు ముఖంలో మాత్రమే లేదు, కోటులో వుంది, పుస్తకంలో వుంది, వేలులో వుంది. సాల్ బాస్ కాగితం కత్తిరించి చేసిన పని మన మేస్త్రీలు సిమెంటుతో చేశారు. ఆ వేలు ఏటవాలుగా పైకి పోతుంది. చూపు వేలుని పట్టుకుని బొమ్మ బయటికి, ముందుకి పోతుంది. మనిషి నిలబడే వున్నాడు, నడుస్తున్నట్టుంటాడు.

అంత బొమ్మ చేతిలో పెట్టుకుని మనం చేసేదేంటి? దాన్ని స్టాంపు చేసి మూలకి అతికిస్తాం. మధ్యలో మండల అధ్యక్షుడు, నిలువెత్తున, తెల్లచొక్కా, చెయ్యి వూపుతా. వెనకాల సూర్యకిరణాలు. ఆ కిరణాలు ఎక్కడివో తెలుసా? అవి సినిమా పోస్టరు హీరో వెనకవే. సినిమావాడి దగ్గర పని నేర్చుకోలేదు, రోగం మాత్రం అంటించుకున్నాం. ప్రాధాన్యక్రమం మనకీ వచ్చు, కాకపోతే తలకిందులుగా.

అందుకని ఈసారి మా కమిటీలో నేనొక పోస్టరు పెట్టాను. తెల్ల కాగితం. పైనుంచి కిందికి మూడొంతులు నీలం రంగు ఆకారం, కోటు, పుస్తకం, వేలు, అంతే. ముఖంలో వివరాలు కూడా లేవు. వేలు చూపించే చోట పెద్ద నల్లక్షరాల్లో వూరు పేరు, తేదీ, టైము. కింద వొక్క వరస సంఘం పేరు. మిగతా అంతా ఖాళీ. మా పెద్దమ్మని పిలిచి చూపించాను. "బాబాసాహెబ్ ఎటో రమ్మంటన్నాడు" అంది. చదవడం రాని మనిషి సగం విషయం చెప్పేసింది. మిగతా సగం చదివి చెప్పడానికి వాళ్ల మనవరాలుంది.

కమిటీలో గొడవ అక్కడే మొదలైంది. ఖాళీ జాగా చూసి కోశాధికారికి ప్రాణం పోయింది. "ఇంత చోటు వృధా కదన్నా, పన్నెండు మంది పడతారు" అన్నాడు. ఖాళీ వుంది కాబట్టే మధ్యలోది కనపడుతుందని చెప్పాను. సినిమావాడు డబ్బులు పెట్టి మరీ ఖాళీ వదులుతాడని చెప్పాను. సరేనన్నారు. తర్వాత వొకాయన లేచి, కాగితానికి డబ్బులిచ్చిన దాత ఫొటో లేకపోతే వచ్చే ఏడు ఆయన ఇవ్వడు అన్నాడు. ఇది అబద్ధం కాదు. ఇంకొకాయన, పోయినేడు వేసిన పందొమ్మిది మందిలో పదిహేడు మంది అలుగుతారు అన్నాడు. అదీ అబద్ధం కాదు. మిగతా ఇద్దరెవరో పేర్లు కూడా చెప్పాడు. కుర్రాళ్లు ఆరుగురు నా వైపు, పెద్దలు ఏడుగురు అటు. దాత ఫొటో పోస్టరు మీద కాకుండా స్టేజీ మీద పెద్దది పెడదాం, వేరే ఫ్లెక్సీ కట్టిద్దాం అని మధ్యేమార్గం వొకటి వచ్చింది. దానికి దాత ఏమంటాడో కనుక్కోవడానికి ఇద్దరు వెళ్లారు. ఇంకా తిరిగి రాలేదు. ప్రెస్సాయన శుక్రవారం లోపల మేటరు ఇమ్మన్నాడు.